చల్లారని దిమ్మ

ఆదిశేషు చేసిన గిలకలన్నీ వంకర పోతున్నాయి.

అచ్చులోంచి తీసి చెక్కినప్పుడు బాగానే ఉండేవి. పళ్లెంలా సమంగా, గుండ్రంగా, చేత్తో నిమిరితే ముచ్చటేసేలా ఉండేవి. తెల్లారి లేచి చూస్తే ఒక అంచు పైకి లేచి, కాగే నూనెలో పడ్డ అప్పడంలా మెలితిరిగి ఉండేవి. వాటినే బావి మీద బిగిస్తే తాడు పక్కకి జారేది. చేద సగం దారిలో బావి ఒరకి కొట్టుకుని నీళ్లన్నీ ఒలకబోసేది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు అతని ముఖాన ఏమీ అనేవాళ్లు కాదు. బిందె చంకనెత్తుకుని నాలుగడుగులు వేశాక నవ్వుకునేవాళ్లు.

మరొకరైతే ఆ నవ్వు దులిపేసుకుని పోయేవాళ్లే. కానీ ఆదిశేషు పడవలు కట్టిన వడ్రంగి. ఒక కన్ను మూసి చూస్తే చాలు, పలకలో వెంట్రుకవాసి వంపు కూడా కనిపెట్టేవాడు. అతని చేతి పడవ కోసం ఎక్కడెక్కడి రేవుల వాళ్లో వచ్చి కాచుకుని ఉండేవాళ్లు. అలాంటి చెయ్యి సముద్రం కక్కిన ప్లాస్టిక్ మూతల దగ్గర ఓడిపోతోంది. అది అతనికి తలకొట్టేసినట్టుగా ఉండేది.

ఈ పని అప్పగించింది సిలారయ్య.

నది వెళ్లి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవికీ కెరటాలకీ మధ్యన పీరుదిబ్బ అని ఒక ఇసుక దిబ్బ ఉంది. దాని మీద సున్నం కొట్టిన పాత సమాధి, చుట్టూ సరుగుడు చెట్లు, ఒక తాటాకు పాక, ఒక మంచినీళ్ల బావి. అంతే. పొద్దున్నే మంచు దిగితే మడ చెట్ల మధ్య కాలవా సముద్రమూ ఆకాశమూ అన్నీ ఒకటే రంగులోకి కరిగిపోయేవి. వేటకి వెళ్లే పడవలు నీళ్ల మీద పోతున్నాయో గాలిలో తేలిపోతున్నాయో తెలిసేది కాదు. మనుషుల మాటలు మాత్రం దగ్గరగా, చెవి పక్కనే అన్నట్టు వినిపించేవి.

సిలారయ్య వాళ్లది తరతరాలుగా దూదేకే వంశం. పరుపులకి దూది ఏకించుకునే వాళ్లు తగ్గిపోయాక ఆయన దూదేకే విల్లుని పాకలో ఒక మూల తగిలించి, సమాధి దగ్గర దీపం పెడుతూ ఉండిపోయాడు. కష్టంలో ఉన్నవాళ్లు వచ్చి కూచునేవాళ్లు. ఆయన ఎక్కువగా వినేవాడు. వెళ్లేటప్పుడు చెంబుడు నీళ్లిచ్చి పంపేవాడు. కొందరు ఆయన్ని పీరు అనేవాళ్లు, కొందరు ముసలాయన అనేవాళ్లు. ఎలా పిలిచినా పలికేవాడు.

ఆదిశేషు వచ్చిన రోజు ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"అయ్యా, నా కడుపులో మంట ఆరే దారి చెప్పండి. ఏ మంత్రమిచ్చినా జపిస్తాను."

సిలారయ్య లోపలికెళ్లి ఒక వెదురు బుట్ట తెచ్చి ఇచ్చాడు.

"మొగ దగ్గరికి వెళ్లు. సముద్రం వద్దని తోసేసినవి ఏరుకురా."

ఏరుకొచ్చాడు. సీసాల మూతలు, షాంపూ డబ్బాలు, పగిలిన బకెట్లు, నూనె క్యాన్లు, ఎవరో పసివాడి బొమ్మ లారీ చక్రాలు. ఎర్రవీ పచ్చవీ నీలంవీ, ఉప్పుకీ ఎండకీ వెలిసిపోయి, తడిసిన పూలలా ఉన్నాయి. ఆ రోజు నుంచి అదే అతని జపం.

వేరుశనక్కాయలు వేయించే ఇసుకలో ఒకసారి సీసా మూత పడి మెత్తబడితే, సిలారయ్య దాన్ని కర్రపుల్లతో నొక్కి చూసి ఈ పని మొదలుపెట్టాడట. ఏరిన వాటిని బావి నీళ్లతో ఉప్పంతా పోయేలా కడగాలి. ఎండబెట్టాలి. పైపు ముక్కలు, మెరుపు కవర్లు లాంటివి కాలిస్తే కళ్లు మండే పొగ వస్తుంది కాబట్టి వాటిని పక్కకి తీసెయ్యాలి. మిగిలినవాటిని కత్తెరతో పప్పుబద్దలంత ముక్కలు చెయ్యాలి. సరుగుడు నిప్పుల మీద పెద్ద బాణలి, బాణలి నిండా ఇసుక, ఆ ఇసుకలో ముక్కలున్న ఇనప గిన్నె. ఇదంతా ఆరుబయటే, గాలి వీపుకి తగిలేలా కూచుని.

"మంట తగలకూడదు," అని సిలారయ్య మొదటి రోజే చెప్పాడు. "వేడి తగలాలి."

మంట తగిలితే మాడిపోయేది. వేడి మాత్రమే తగిలితే ముక్కల అంచులు మెల్లగా మాయమయ్యేవి. ఎర్ర ముక్క ఎర్రగానే ఉంటూ, తెల్ల ముక్క తాటి ముంజెలా లోపలి వెలుతురు కనిపించేలా మారిపోయేది. అప్పుడు రెండు చెక్క గరిటెలతో చపాతీ పిండిలా మడిచి మడిచి, ఇనప అచ్చులో కూరి, పైన మూత పెట్టి మర బిగించాలి. చల్లారేకొద్దీ ఆ ముద్ద తనలోకి తాను కుంచించుకుపోతుంది. అందుకని ఉండుండి మర ఇంకాస్త బిగించాలి. లేకపోతే నడుమ బోలు పడుతుంది. పూర్తిగా చల్లారాక తీస్తే గట్టి దిమ్మ. రంపంతో కోయొచ్చు, చిత్రిక పట్టొచ్చు, తరిమెన మీద తిప్పుతూ గిలకలా గుండ్రంగా చెక్కుకోవచ్చు. ఆ తీరంలో ఇనప గిలకలు తుప్పు పట్టిపోతాయి, చెక్కవి కుళ్లిపోతాయి. ఈ దిమ్మని ఉప్పుగాలి ఏమీ చెయ్యలేదు.

సిలారయ్య చేసినవి చుట్టుపక్కల పాలేలన్నింటిలోనూ బావుల మీద తిరుగుతున్నాయి. ఆదిశేషు చేసినవి మాత్రం వంకర పోతున్నాయి.

కారణం ఆదిశేషుకి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉన్నాడు. చల్లారేదాకా ఆగలేకపోయేవాడు. అచ్చు మీద చేదతో బావి నీళ్లు కుమ్మరించేవాడు. ఇనుము బుసకొట్టి, ఆవిరి లేచి, కాసేపటికి చేప ఒళ్లులా చల్లబడేది.

"చూడండయ్యా, చల్లగా ఉంది," అనేవాడు.

సిలారయ్య వంగి అచ్చుకి చెవి ఆనించేవాడు. పాకలో ఎవరో పడుకుని ఉంటే గోడ ఇవతల నుంచి విన్నట్టు వినేవాడు.

"ఇంకా ఏదో అంటోంది," అనేవాడు. అంతకన్నా ఏమీ చెప్పేవాడు కాదు.

ఆదిశేషు విప్పేసేవాడు.

*

ఆదిశేషుకి ఒక తమ్ముడున్నాడు. పేరు గరటయ్య. అన్నదమ్ములిద్దరూ కలిసి పడవలు కట్టేవాళ్లు. అన్న చెక్కితే తమ్ముడు బిగించేవాడు.

ఏసోబు అని ఆదిశేషు ఈడువాడు, చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాడు, సొంతంగా మొదటిసారి పడవ కట్టించుకున్నాడు. పడవ చివరికొచ్చేసరికి ఆదిశేషు జ్వరంతో మంచం పట్టాడు. నీళ్లలోకి దింపే రోజు దగ్గరపడింది. అడుగు పలకల సందుల్లో దూది దట్టంగా కూరి, గుగ్గిలం కాచి పోసే పని గరటయ్య మీద పడింది. తొందరలో ఒక సందులో పలచగా కూరి, పైన గుగ్గిలం మెత్తేశాడు. చూడ్డానికి నున్నగానే ఉంది.

కెరటాలు దాటాక ఆ సందు విచ్చుకుంది. మిగతావాళ్లు ఈదుకుంటూ వచ్చారు. ఏసోబు రాలేదు.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన పలక చూడగానే అది ఎవరి చేతి పనో ఆదిశేషుకి తెలిసిపోయింది. ఊరు మాత్రం "ఆదిశేషు కట్టిన పడవ" అంది. పెద్దలు కూచోబెట్టి అడిగారు. గరటయ్య తల దించుకుని కాలి బొటనవేలితో ఇసుకలో గీతలు గీశాడు. ఆదిశేషు తమ్ముడి వైపు ఒకసారి చూశాడు. అతనూ నోరు విప్పలేదు. ఆ సాయంత్రమే చెక్క చెక్కే తన బాడిసని తామిద్దరూ పని చేసే పాక గడప మీద పెట్టి, ఒడ్డు పట్టుకుని నడిచి నడిచి పీరుదిబ్బ చేరాడు.

సిలారయ్యకి ఇదంతా ఒకసారి చెప్పాడు. చెప్పేటప్పుడు చనిపోయినవాణ్ణి "ఆ మనిషి" అన్నాడే తప్ప పేరు పలకలేదు.

తర్వాత ఏళ్ల తరబడి దిబ్బ మీద వానలు కురిశాయి, ఎండలు కాశాయి. మూతలు ఏరడం, కడగడం, కరిగించడం. సముద్రం హోరు రాత్రీ పగలూ ఒకేలా ఉండేది. ఆ హోరులో తన మంట కలిసిపోయిందని ఆదిశేషుకి అనిపించసాగింది. తమ్ముడు గుర్తొచ్చినా, ఎవరో దారిన పోయేవాడి తమ్ముడు గుర్తొచ్చినట్టే ఉండేది. నేను చల్లబడ్డాను అనుకున్నాడు. అలా అనుకున్నప్పుడల్లా లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే పెద్ద అచ్చు నింపి, నీళ్లు కుమ్మరించి, అన్నం తిని సరుగుడు నీడలో నడుం వాల్చాడు. సూదుల్లాంటి ఆకుల్లోంచి గాలి సన్నగా ఈల వేస్తోంది. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియలేదు.

నిద్రలో ఇసుక దిబ్బ నీరైంది. ఆ ఇసుక నీటి మీద ఒక పడవ మెల్లగా ఊగుతూ వస్తోంది. దాని పలకల సందుల్లోంచి వెలుతురు కారుతోంది, తేనెలా, చుక్క చుక్కగా. లోపలి నుంచి ఎవరో పలక మీద తడుతున్నారు. గట్టిగా కాదు. తలుపు తియ్యమన్నట్టు.

"బావగారూ."

కళ్లు తెరిచాడు. బావి పక్కన తమ్ముడి భార్య సీతారావమ్మ నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. కాలవ మొగలో ఆమె వచ్చిన పడవ కట్టేసి ఉంది.

ఆదిశేషు లేచి కూచున్నాడు. "ఎప్పుడొచ్చావమ్మా? ఇంట్లో అంతా కులాసానా?"

కులాసా అని ఆమె అనలేదు. బావి గట్టు మీద కొంగు పరుచుకుని కూచుంది.

"ఆయన చెప్పేశారు బావగారూ. ఊరందరి ముందూ. తప్పు నాది, మా అన్నది కాదు అని చెప్పేశారు."

ఆదిశేషు చేతిలో ఒక సరుగుడు పుల్ల ఉంది. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తుంచుతున్నాడు.

"ఏసోబు కొడుకు ఎదిగొచ్చాడు. వాడికి పడవ కట్టిస్తానని ఈయన మాటిచ్చారు. మొదలెట్టారు. అడుగు పలక దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. పలక చివర పట్టి ఎత్తుతారు, మళ్లీ దించేస్తారు. రోజూ ఇదే వరస. నిన్న కరుణమ్మొచ్చింది, ఏసోబు భార్య. 'పెద్దాయన చెయ్యి పడకపోతే నా బిడ్డని ఆ పడవ ఎక్కనివ్వను' అని చెప్పి వెళ్లిపోయింది." సీతారావమ్మ తల పైకెత్తింది. "మీరు రావాలి బావగారూ. తిట్టడానికైనా రండి."

ఆదిశేషు నవ్వాడు. ఎంత నెమ్మదిగా నవ్వగలిగానా అని తనకే ఆశ్చర్యం వేసింది.

"తిట్టడానికేముందమ్మా. నేనెప్పుడో క్షమించేశాను. నా మనసులో ఏమీ లేదు. ఉండు, అయ్యతో ఒక మాట చెప్పి వస్తాను."

సిలారయ్య పాక ముందు కూచుని గుడ్డతో రంపం పళ్లు తుడుస్తున్నాడు. ఆదిశేషు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, నా తమ్ముడింటి నుంచి పిలుపొచ్చింది. ఇన్నాళ్లూ మీ నీడన ఉన్నాను. ఆ మంట చల్లారిపోయింది. వెళ్లి, క్షమించానని ఒక్క మాట చెప్పి, వాడి పని చక్కబెట్టి వస్తాను. దీవించండి."

సిలారయ్య రంపం పక్కన పెట్టాడు.

"పొద్దున వేసిన దిమ్మ ఏమైంది?"

ఆదిశేషుకి అర్థం కాలేదు. "ఉందయ్యా. చల్లారిపోయింది."

"పట్టుకురా."

అచ్చు విప్పి తెచ్చాడు. పెద్ద దిమ్మ, రెండు చేతులకీ సరిపోయినంత. నీలంలో తెలుపు సుడులు తిరుగుతూ, సముద్రాన్ని ముక్క కోసి తెచ్చినట్టుంది. పైన చెయ్యి వేస్తే బావి నీళ్ల చలవ ఇంకా తగులుతోంది.

"కొయ్యి," అన్నాడు సిలారయ్య రంపం అందిస్తూ. "నడిమికి."

ఆదిశేషు దిమ్మని మోకాలి కింద అదిమిపట్టి రంపం పెట్టాడు. మొదట చెక్కలాగే తెగింది. పొట్టు నీలంగా రాలింది. కొంత లోతుకి వెళ్లాక రంపం బరువెక్కింది. ఇంకా లోతుకి వెళ్లేసరికి పళ్లకి ఏదో అతుక్కుంటోంది. లాగితే సాగుతోంది. సన్నటి ఆవిరి అతని ముఖానికి వెచ్చగా తగిలింది.

చివరి కోతతో దిమ్మ రెండుగా విడిపోయింది.

లోపల అది నీలమూ కాదు, తెలుపూ కాదు. ముంజెలా మెత్తగా, తడితడిగా, ఎండ పడి మెరుస్తోంది. చూస్తుండగానే ఆ రెండు సగాలూ నిద్రలో ఒత్తిగిలే పిల్లల్లా మెల్లగా వంగిపోవడం మొదలుపెట్టాయి.

ఆదిశేషు రంపం చేత్తోనే పట్టుకుని కూచుండిపోయాడు. బావి దగ్గర సీతారావమ్మ కూడా చూస్తోంది.

రంపం కింద పెట్టాడు.

"అర్థమైందయ్యా. నేనింకా చల్లారలేదు."

లేచి బావి దగ్గరికి వెళ్లాడు. "నువ్వు వెళ్లమ్మా. నేనిప్పుడు రాకూడదు. పూర్తిగా చల్లారాక వస్తాను."

"ఎప్పుడు బావగారూ?"

ఆదిశేషు బావిలోకి చూస్తూ తాడు సర్దాడు.

సీతారావమ్మ కొంగు దులుపుకుని లేచింది. ఏడవలేదు, బతిమాలలేదు. "ఆయనతో అదే చెబుతాను," అంది. అలా అని కూడా కదల్లేక, కాలవ వైపు చూస్తూ ఎండలో నిలబడిపోయింది.

వెనక నుంచి సిలారయ్య పిలిచాడు.

"శేషూ, ఇటు రా. వీటిని కాస్త అతికించిపెట్టు."

ఆయన చేతిలో రెండు గిలకలున్నాయి. ఎప్పుడో చేసినవి, చక్కగా చల్లారినవి, ఏ వంకరా లేనివి. అద్దాల్లా నున్నగా ఉన్నాయి. ఆదిశేషు వాటిని అందుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. ముసలాయనకి మతి తప్పిందా అన్నట్టు ఆయన ముఖంలోకి చూశాడు.

"ఇవెలా అతుకుతాయయ్యా? చల్లారిపోయాయిగా."

ఆ మాట అన్నవాడు అలాగే ఆగిపోయాడు.

సిలారయ్య అతని వైపు చూడటం లేదు. తడి గోనెపట్టా చేతులకి చుట్టుకుని, ఇప్పుడే కోసిన రెండు సగాలనీ ఎత్తి, మెత్తటి ముఖాలు రెండూ ఎదురెదురుగా ఆనించి, అచ్చులోకి దించుతున్నాడు. మూత పెట్టాడు. మర తిప్పుతుంటే ముసలి చేతుల నరాలు తాళ్లలా తేలాయి. మూత అంచు నుంచి ఆవిరి ఒకసారి బుస్సుమని ఆగిపోయింది.

ఆదిశేషు ఆయన పక్కన గొంతుక్కూచున్నాడు.

"కోపంతో వెళ్తే అక్కడ అంతా పాడుచేస్తానేమోనయ్యా."

"కోపం లేదని చెప్పుకుంటూ వెళ్తే?"

ఆదిశేషు అచ్చు మూత వైపు చూశాడు.

సిలారయ్య మర ఇంకో చుట్టు బిగించి, చేతికి చుట్టిన గోనె విప్పుకున్నాడు.

"పోటు తగ్గి నీళ్లు తీసేస్తే కాలవలో పడవ నేలకి తగులుతుంది," అన్నాడు. "ఆ అమ్మాయి ఎండలో నిలబడి ఉంది."

*

కాలవలో పడవ పోతున్నంతసేపూ ఆదిశేషు దాని ముందు కొస దగ్గర కూచుని ఉన్నాడు. మడ చెట్ల వేళ్లు నీళ్లలోకి దిగి, నీళ్లలోంచి మళ్లీ పైకి మొలిచి, ఏది చెట్టో ఏది నీడో తెలియకుండా రెండు పక్కలా వెనక్కి జారిపోతున్నాయి. ఒక కొంగ ఎగరాలా వద్దా అన్నట్టు రెక్కలు విప్పి మళ్లీ ముడుచుకుంది. తమ్ముడు కనపడగానే ఏమనాలో ఆదిశేషు మనసులో కూడబలుక్కుంటున్నాడు. కూడబలుక్కున్న ప్రతి మాటా తెడ్డు వెనక నురగలా విడిపోయి, ఎటో వెళ్లిపోతోంది.

ఊరి రేవులో దిగేసరికి పొద్దు పడమటికి వాలింది. ఒడ్డున తాటాకు పందిరి కింద సగం కట్టిన పడవ ఉంది. పక్కటెముకలు బయటపడిన పెద్ద చేపలా ఉంది. దాని పక్కన గరటయ్య. తల నెరిసిపోయింది. అన్నని చూడగానే లేచి నిలబడి, చేతులు జోడించాడు.

ఆదిశేషు దగ్గరికి వెళ్లాడు. నేను నిన్ను క్షమించాను అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. అది బయటికి రాలేదు.

"ఏసోబు," అన్నాడు.

ఆ పేరు పలికి ఎంతకాలమైందో.

"ఏసోబురా! ఏసోబు! మన ఇంట్లో అన్నం తిన్నాడ్రా వాడు! నీకు ఈత నేర్పాడు! దూది కూరడానికి నీకు ఒక్క పూట ఎక్కువైందా? నీళ్లలో వాడు ఎంతసేపు పిలిచాడో! ఎవర్ని పిలిచాడో!"

అరుస్తున్నాడు. తమ్ముడి భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు లేచి వచ్చారు. ఎవరో ఆపబోతే సీతారావమ్మ అడ్డం నిలబడింది.

గరటయ్య చాలాసేపు ఆ తిట్లన్నీ పడ్డాడు. తర్వాత అతను కూడా అరిచాడు.

"నువ్వు మాత్రం ఏం చేశావు? తెలుసుగా నీకు! తెలిసి నన్ను ఒక్క మాట అనలేదు! ఆ రోజు నువ్వు నన్ను కొట్టి ఉంటే అక్కడే చెప్పేసి ఉండేవాణ్ణి. బాడిస గడప మీద పెట్టి పోయావు. రోజూ దాన్ని దాటుకునే లోపలికెళ్లాను. రోజూ! దాన్ని తీసే దమ్ము లేదు, తొక్కే దమ్ము లేదు. నువ్వు హాయిగా వెళ్లి పీరు దగ్గర కూచున్నావు!"

"హాయిగానా?"

"మరి? నాకు ఎవరున్నారు?"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. పాతవీ కొత్తవీ, అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అనుకున్నారు. గొంతులు బొంగురుపోయాయి. చివరికి మాటలు అయిపోయి, ఇద్దరూ ఇసుకలో కూలబడి ఏడ్చారు. కెరటాలు వస్తున్నాయి, పోతున్నాయి.

జనం మధ్యలోంచి కరుణమ్మ ముందుకొచ్చింది. ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఎవరూ చూడలేదు. తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని, ఇద్దరి వంకా చూసింది.

"ఆయన పోయినప్పుడు ఊరంతా గుసగుసలాడింది," అంది. "గట్టిగా పేరు పెట్టి ఎవరూ అరవలేదు. ఇవాళ అరిచారు."

ఇంకేం చెబుతుందోనని అంతా చూశారు. ఆమె పడవ దగ్గరికి వెళ్లి, ఖాళీగా ఉన్న అడుగు భాగం మీద చెయ్యి వేసి నిమిరింది.

"వెలుతురుండగానే ఆ పలక పెట్టండి," అని చెప్పి ఇంటిదారి పట్టింది.

జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సముద్రం మీది నుంచి పల్చటి మంచు లేచి వస్తోంది. పందిరి, పడవ, ఇద్దరు మనుషులు, అన్నీ ఆ మంచులో కొంచెం కొంచెం తేలిపోతున్నట్టున్నాయి.

ఆదిశేషు లేచాడు. అడుగు పలక పందిరి వారన పడుంది. పొడవైన పలక, ఒక్కడి వల్ల అయ్యేది కాదు. దాని దగ్గరికి వెళ్లి, ఒక చివర వంగి, ఒక కన్ను మూసి బారు చూశాడు. మంచి పలక. గరటయ్య వెనకే వచ్చి, ఎటు నిలబడాలో తెలియక దూరంగా ఆగిపోయాడు.

"కోపం పోయిందా అన్నా?" అని అడిగాడు చిన్నగా.

"పోలేదు."

ఆదిశేషు పలక కిందికి వేళ్లు దూర్చాడు.

"ఆ చివర పట్టుకో."